ఏ రేకు ఏ ఏటిది?

1978 నవంబరు 11న, అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, ఆక్స్‌ఫర్డ్ కాలేజీ ఆవరణలో మట్టి పోసి ఏటవాలు దిమ్మ ఒకటి కట్టారు. నారింజ రంగు డాడ్జ్ చార్జర్ కారు దాని మీదుగా దూసుకెళ్లి గాల్లోకి లేచింది. కింద నిలిపిన పోలీసు కారును దాటి, 16 అడుగుల ఎత్తున, 82 అడుగుల దూరం ఎగిరి నేల మీద పడింది. ‘ద డ్యూక్స్ ఆఫ్ హజార్డ్’ అనే టీవీ సీరియల్ కోసం తీసిన దృశ్యమది. ముక్కు ముందుగా నేలకు గుచ్చుకోకుండా ఇలాంటి గెంతుల కార్ల డిక్కీలో ఇసుక బస్తాలో కాంక్రీటో నింపేవాళ్లు. ముందున్న బరువైన వీ-8 ఇంజనుకు అది తూకం. అంత చేసినా, కారు కిందపడ్డాక బాడీ వంగిపోయేది. మళ్లీ గెంతడానికి పనికొచ్చేది కాదు.

ఆ సీరియల్ 1979 నుంచి 1985 దాకా 147 ఎపిసోడ్లు నడిచింది. అందులో ‘జనరల్ లీ’ అని పిలిచిన ఆ కారు కోసం మొత్తం 300కు పైగా చార్జర్లను వాడారని అంచనా. (ఆ పేరూ, కారు టాపు మీద వేసిన జెండా కూడా అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం కోసం పోరాడిన పక్షానివి. ఆ కారు గురించి మాట్లాడేటప్పుడు ఆ సంగతి దాటేయకూడదని నా అభిప్రాయం.) కథ ప్రకారం అది 1969 మోడల్. కానీ వారం వారం కార్లు నుజ్జవుతుంటే అన్నీ 1969వే దొరకాలంటే ఎలా? నిర్మాతలు 1968, 1970 మోడళ్లు కూడా కొని, వాటి ముఖమూ వెనక భాగమూ మార్చి, 1969 వేషం కట్టించారు. కోట్ల మంది చూశారు. చాలామందికి తేడా తెలియలేదు.

ఒక ఏటి రేకు మరో ఏటి కారుకు ఎందుకు పడుతుంది, ఎక్కడ పడదు అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా పట్టుకుంది. పైకి మెకానిక్కుల సరదాలా కనిపించే విషయమిది. లోపలికి వెళ్తే ఉక్కు స్వభావం, కొలతల గణితం, ఫ్యాక్టరీ లెక్కలు అన్నీ ఒకచోట కలుస్తాయి.

ముందు ఫ్యాక్టరీ లెక్క చూద్దాం. మనకు ఉగాదికి పంచాంగం మారినట్టు, అమెరికాలో ఏటా శరదృతువులో కారు మోడల్ మారేది. 1920లలో జనరల్ మోటార్స్ అధిపతి ఆల్ఫ్రెడ్ స్లోన్ ఈ పద్ధతిని స్థిరపరిచాడు. 1927లో హార్లీ ఎర్ల్ సారథ్యంలో ఆ సంస్థలో రూపకల్పనకంటూ ఒక విభాగమే వెలిసింది. నిరుటి కారు పాతబడినట్టు అనిపిస్తే జనం కొత్తది కొంటారన్నది ఆలోచన. అయితే కారు మొత్తాన్ని ఏటా కొత్తగా తయారు చేయడం ఏ కంపెనీకీ సాధ్యం కాదు. ఒక్కో రేకుకూ ఒక అచ్చుల వరస కావాలి: చదునైన రేకును లాగి ఆకారం తెచ్చేది ఒకటి, అంచులు కత్తిరించేది ఒకటి, రంధ్రాలు పొడిచేది మరొకటి, అంచు మడిచేది ఇంకొకటి. పెద్ద రేకుల అచ్చులు టన్నుల బరువుంటాయి. టాపుకు కొత్త అచ్చు చేయడమంటే మహా ఖర్చు. గ్రిల్ మార్చడం దాంతో పోలిస్తే చిన్న పని. అందుకే ఒక బాడీని కొన్నేళ్లపాటు నడిపిస్తూ, మధ్యలో ముఖమూ వెనక లైట్లూ మాత్రం మార్చేవాళ్లు. చూపు మొదట పడేది అక్కడే కదా.

చార్జర్‌లో ఇది అద్దంలో చూసినంత స్పష్టంగా కనిపిస్తుంది. 1968లో రిచర్డ్ సియాస్ గీసిన ఆకారంతో కొత్త చార్జర్ వచ్చింది. నడుము దగ్గర సన్నబడి, వెనక చక్రాల మీద ఉబ్బే ఒంపు. వెనక అద్దానికి అటూ ఇటూ రెక్కల్లా దిగే టాపు. మూతల వెనక దాక్కునే హెడ్‌లైట్లు. ఏడాదికి 35 వేలు అమ్ముడైతే చాలనుకున్న కంపెనీ దాదాపు 96 వేలు అమ్మింది. ఇంత బాగా పోతున్న ఆకారాన్ని ఎవరు కదిలిస్తారు? 1969కి గ్రిల్ మధ్యలో ఒక నిలువు అడ్డుకట్ట వచ్చింది, వెనక జంటలుగా ఉన్న గుండ్రటి లైట్ల స్థానంలో పొడవైన అడ్డ లైట్లు వచ్చాయి. 1970కి గ్రిల్ చుట్టూ తిరిగే క్రోమ్ బంపర్ వచ్చింది, అడ్డుకట్ట పోయింది. 2001లో వచ్చిన ‘ద ఫాస్ట్ అండ్ ద ఫ్యూరియస్’ సినిమాలో విన్ డీసిల్ నడిపిన నల్ల కారు ఈ 1970 రకమే. మూడేళ్లలోనూ టాపు, తలుపుల రేకు ఒకటే. అస్థిపంజరమూ ఒకటే: ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య అదే 117 అంగుళాలు.

పక్క లైట్ల కథ వేరు. దాన్ని మార్చింది చట్టం. 1968 జనవరి 1 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ పక్కల లైటో, వెలుగును తిప్పికొట్టే బిళ్లో ఉండాలని కేంద్ర ప్రభుత్వ భద్రతా ప్రమాణం వచ్చింది. 1968 చార్జర్ మడ్‌గార్డుకు చిన్న గుండ్రటి లైటు పెట్టారు. 1969లో ఆ చోట దీర్ఘచతురస్రం వచ్చింది. అంటే రెండేళ్ల మడ్‌గార్డుల ఆకారం ఒకటే అయినా రంధ్రం వేరు. లాగే అచ్చు అదే, పొడిచే అచ్చు మారింది. సీరియల్ వాళ్లు 1968 కారును 1969గా మార్చేటప్పుడు గుండ్రటి లైట్లు తీసేయాల్సి వచ్చింది. పాత కార్లు బాగుచేసేవాళ్లు ఇప్పటికీ మడ్‌గార్డు లోపలివైపు వేలితో తడిమి చూస్తారు. పైన రంగు ఎంత నున్నగా ఉన్నా, పూడ్చిన గుండ్రటి రంధ్రం లోపల దొరికిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కారు బాడీలో రెండు జాతుల రేకులుంటాయి: బోల్టుతో బిగించినవి, వెల్డింగుతో అతికినవి. డాడ్జ్ పేరుతో చార్జర్ తయారు చేసిన క్రైస్లర్ సంస్థ 1960 నుంచే తన కార్లలో దాదాపు అన్నిటికీ విడి చాసీ మానేసింది. నేల, పక్కలు, టాపు, వెనక భాగం అన్నీ అతికి ఒకే పెట్టెగా చేసేది. ఆ పెట్టెకు ముందువైపు మడ్‌గార్డులు, బానెట్, గ్రిల్, బంపర్ మాత్రం బోల్టులతో వేలాడతాయి. తలుపులూ డిక్కీ మూతా కీళ్లకు బిగించి ఉంటాయి. కాబట్టి 1968 కారు ముఖాన్ని 1969 ముఖంగా మార్చడం పానా, గంటల కొద్దీ ఓపిక ఉంటే అయ్యే పని. వెనక్కి వచ్చేసరికి కథ మారిపోతుంది. లైట్లు కూర్చునే అడ్డరేకు పెట్టెలో భాగం. గుండ్రటి లైట్ల రేకులో పొడవు లైట్లు పట్టవు. ఆ రేకును కోసి తీయాలి, కొత్తది అతకాలి.

కోయడం కూడా ఊరికే కోయడం కాదు. ఫ్యాక్టరీలో రెండు రేకుల్ని రెండు రాగి ముక్కుల మధ్య నొక్కి, సెకనులో చిన్న భాగం పాటు వేల ఆంపియర్ల కరెంటు పంపుతారు. రేకులు తాకే చోట నిరోధం ఎక్కువ కాబట్టి వేడి అక్కడే పుట్టి, చిన్న గుండీ అంత ఉక్కు కరిగి గడ్డకడుతుంది. అదే స్పాట్ వెల్డింగ్. బాడీ మొత్తంలో ఇలాంటి చుక్కలు వేలల్లో ఉంటాయి. పాత రేకు తీయాలంటే ఒక్కో చుక్కనూ వెతికి, పై రేకు మందం వరకే తొలిచే ప్రత్యేకమైన డ్రిల్లుతో విడిపించాలి. అదుపు తప్పి లోతుగా వెళితే కింది రేకుకూ తూటు పడుతుంది.

అతికేటప్పుడు ఉక్కు ఇంకో పరీక్ష పెడుతుంది. మంట తగిలిన చోట రేకు వ్యాకోచించాలని చూస్తుంది. చుట్టూ ఉన్న చల్లని రేకు దాన్ని కదలనివ్వదు. వేడికి మెత్తబడి ఉంటుంది కాబట్టి ఆ భాగం పక్కకు పోలేక తనలో తానే నలిగి మందమవుతుంది. చల్లారేటప్పుడు సంకోచిస్తుంది, ఈసారి మొదటి కొలత కంటే కురచగా మిగులుతుంది. కురచైన ఆ గీత చుట్టూ రేకును తనవైపు లాక్కుంటుంది. సూదిపని చేసేవాళ్లు దారం బిగించి లాగితే గుడ్డ ముడతలు పడ్డట్టు, చదును రేకు మీద అలలు లేస్తాయి. అందుకే మంచి పనివాడు గీత పొడవునా ఒకేసారి వెల్డింగు చేయడు. ఇక్కడొక చుక్క, జానెడు అవతల ఒక చుక్క వేసి, చల్లారనిచ్చి మళ్లీ వస్తాడు. ఆపైన సుత్తితో, కింద ఇనుప దిమ్మతో కొట్టి కురచైన గీతను కొంచెం కొంచెంగా సాగదీస్తాడు. మన ఆటోనగర్‌లలో టింకరింగ్ చేసేవాళ్లు అరచేత్తో రేకును నిమిరి ఎత్తుపల్లాలు చెప్పేది ఈ పనిలోనే. కంటికి ఆనని అల చేతికి తగులుతుంది. పుట్టీ మందంగా పూసి కప్పేయడం సులువే గాని, కొన్నేళ్లకు అది పగిలి ఊడుతుంది.

చార్జర్ టాపు పక్క రేకులతో కలిసే చోట ఫ్యాక్టరీలోనే సీసం, తగరం కలిపిన లోహంతో అతుకును నున్నగా కప్పేవాళ్లు. ఈ మిశ్రమంలో నాకు బాగా నచ్చే గుణం ఒకటుంది. సీసం 70, తగరం 30 పాళ్లలో కలిపితే అది 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడటం మొదలుపెడుతుంది, పూర్తిగా కరగడానికి మరో 70 డిగ్రీల పైచిలుకు కావాలి. ఈ మధ్యలో వెన్నలా ఉంటుంది. నూనె రాసిన చెక్కతో దాన్ని ఒత్తి కావలసిన ఒంపు తేవచ్చు. ఆ వేడి ఉక్కు రేకును వంచేంత కాదు. టాపు మూడేళ్లకూ ఒకటే గనక, సంవత్సరం మార్చాలనుకునేవాడికి ఈ అతుకును ముట్టుకునే అవసరమే రాదు. తుప్పు పట్టి ముట్టుకోవాల్సి వస్తే మాత్రం ముఖానికి మాస్కు తప్పనిసరి, ఎందుకంటే రాపిడికి లేచే సీసం ధూళి విషం.

బోల్టు రేకుల దగ్గరికి మళ్లీ వద్దాం. అక్కడ పని సులువన్నాను గాని, పూర్తిగా కాదు. బోల్టు రంధ్రం కలిసినంత మాత్రాన రేకు కలిసినట్టు కాదు. అచ్చు కింద నొక్కిన రేకు, ఒత్తిడి తీయగానే కాస్త వెనక్కి వస్తుంది. మెత్తని ఉక్కు శాశ్వతంగా రూపు మారేముందు తన పొడవులో దాదాపు వెయ్యో వంతు సాగి, వదిలితే తిరిగి కుదురుకుంటుంది. మీటరుకు ఒక మిల్లీమీటరు. వంపుల దగ్గర ఈ వెనకడుగు ఇంకా ఎక్కువ. అందుకే అచ్చు చేసేవాళ్లు కావలసిన దాని కంటే కొంచెం ఎక్కువ వంచేలా చెక్కుతారు. రేకు మందం కొద్దిగా మారినా, ఉక్కు గట్టిదనం కొద్దిగా మారినా, అచ్చు అరిగినా ఆ లెక్క తప్పుతుంది. ఒకే నెలలో తయారైన రెండు మడ్‌గార్డులే అచ్చంగా ఒకేలా ఉండవు.

ఇలాంటి చిన్న తేడాలు గొలుసులా కలుస్తాయి. వెనక రేకు, తలుపు, మడ్‌గార్డు, ముందు అంచు, ఈ నాలుగింటిలో ఒక్కోదానికి ఒక మిల్లీమీటరు అటూ ఇటూ తేడా ఉందనుకోండి. అన్నీ ఒకే దిక్కుకు తప్పితే చివర నాలుగు మిల్లీమీటర్లు. కానీ అన్నీ ఒకే దిక్కుకు తప్పడం అరుదు. వర్గాలు కూడి వర్గమూలం తీసే సూత్రంతో చూస్తే మామూలుగా వచ్చే తప్పు రెండు మిల్లీమీటర్లు. ఈ తప్పును మింగడానికే బోల్టు రంధ్రాలు గుండ్రంగా కాక కోలగా ఉంటాయి. రేకు కింద పలచని ఇనుప ముక్కలు దూర్చి ఎత్తు సరిచేస్తారు. ఆనాటి ఫ్యాక్టరీ వాళ్లూ అదే చేశారు. ఇంకో కారు నుంచి మడ్‌గార్డు తెచ్చి బిగించేవాడు ఆ కారు తాలూకు సర్దుబాట్లను మరిచి, ఈ కారుకు మొదటి నుంచి మళ్లీ సర్దాలి. ఆ సర్దుబాటుకు ఒక వరస ఉంది. కదలని వెనక రేకుకు ముందు తలుపును సరిచూడాలి. తలుపుకు మడ్‌గార్డును, మడ్‌గార్డులకు బానెట్‌ను, చివరగా గ్రిల్‌నూ బంపర్‌నూ. ముందు నుంచి మొదలుపెడితే తప్పంతా వచ్చి తలుపు దగ్గర పోగవుతుంది, తలుపు సరిగా పడదు.

1970 చార్జర్‌ను 1969గా మార్చడం ఎందుకు ఎక్కువ పనో ఇప్పుడు అర్థమవుతుంది. వెనక లైట్ల రేకుతో పేచీ లేదు, 1969కీ 1970కీ అది దాదాపు ఒకటే. ముందున్న చుట్టు బంపర్ కోసం మాత్రం ముఖం కూర్చునే తీరే మార్చారు. 1968, 1969 బానెట్లు ఒకదానికొకటి పడతాయి, 1970ది వేరు. 1968 నుంచి 1969కి ముందు సులువు, వెనక కష్టం. 1970 నుంచి 1969కి వెనక సులువు, ముందు కష్టం. ఎక్కడ కష్టమో అక్కడ ఆ ఏడు కంపెనీ డబ్బు పెట్టిందన్నమాట. మార్పిడి చేసేవాడు చదువుతున్నది ఒకరకంగా ఆ కంపెనీ ఖర్చుల పుస్తకాన్నే.

ఇతర కార్లలో ఈ పుస్తకం వేరుగా ఉంటుంది. షెవర్లే కమారో మొదటి తరం 1967 నుంచి 1969 దాకా నడిచింది. మూడో ఏట బానెట్, డిక్కీ మూత తప్ప బయటి రేకు దాదాపు అంతా మార్చేశారు. 1967 కారుకు తలుపు అద్దం ముందు చిన్న ముక్కోణపు అద్దముంటుంది, 1968లో అది పోయింది. కమారో అభిమాని తలుపును చూస్తేనే సంవత్సరం చెప్పేస్తాడు. చార్జర్ వాళ్లకు ఆ సుఖం లేదు.

ఏ ఏటి ముక్క ఏ ఏటికి పడుతుందో చెప్పే మందపాటి పుస్తకాలు అమెరికా స్క్రాప్ యార్డుల్లో 1930ల నుంచీ ఉన్నాయి. హాలండర్ అనే పేరు ఆ వ్యాపారంలో అందరికీ తెలుసు. ఆ పట్టికలు తిరగేస్తే ఒక వింత ఎదురవుతుంది. ఏళ్ల మధ్యే కాదు, కార్ల మధ్య కూడా ముక్కలు మారాయి, మార్చింది తయారుచేసిన వాళ్లే.

1968 చార్జర్ చూపుకు అందమైనది, గాలికి మాత్రం సరిపడలేదు. లోపలికి జరిగిన గ్రిల్ గాలిని బకెట్టులా పట్టేది. రెండు రెక్కల మధ్య నిటారుగా ఉన్న వెనక అద్దం దగ్గర గాలి సుడులు తిరిగి వెనక భాగాన్ని పైకి లేపేది. నాస్కార్ కార్ల పందేల్లో ఇది పెద్ద లోపం. డాడ్జ్ ఇంజనీర్లు కొత్త అచ్చులు చేయలేదు. తమ సొంత కంపెనీలోనే మరో కారైన 1968 కోరోనెట్ గ్రిల్ తెచ్చి చార్జర్ ముఖానికి, అంచులతో సమంగా బిగించారు. వెనక అద్దం గుంటను రేకుతో పూడ్చి అద్దాన్ని వాలుగా పెట్టారు. అందుకోసం డిక్కీ మూతను కురచ చేయాల్సి వచ్చింది. దాని పేరు చార్జర్ 500. అయినా 1969 డేటోనా 500 పందెం ఫోర్డ్ గెలిచింది.

దాంతో వచ్చింది చార్జర్ డేటోనా. ముందు పొడవాటి ఉక్కు ముక్కు, వెనక 23 అంగుళాల ఎత్తున నిలిచిన రెక్క. ఆ ముక్కు తగిలించడానికి 1969 మడ్‌గార్డులు పనికిరాలేదు. రాబోయే 1970 మోడల్ కోసం గీసిన మడ్‌గార్డులు, బానెట్ వాడారు. అమ్మిన 503 డేటోనాలు 1969 కార్లే, ముందు రేకు 1970ది. మామూలు 1969 చార్జర్‌కు 1970 మడ్‌గార్డు కనిపిస్తే ఎవరో మార్చారని అనుమానించాలి. డేటోనాకు కనిపించకపోతేనే అనుమానించాలి. 1970 మార్చి 24న తల్లడేగా ట్రాక్ మీద బడ్డీ బేకర్ ఈ రకం కారులో గంటకు 200.447 మైళ్ల వేగం అందుకున్నాడు, అంటే 322 కిలోమీటర్లు పైనే. క్రైస్లర్ కుటుంబానికే చెందిన ప్లిమత్ సూపర్‌బర్డ్‌కు ముక్కు తగిలించాలంటే ప్లిమత్ రేకు కుదరలేదు. 1970 డాడ్జ్ కోరోనెట్ మడ్‌గార్డులూ బానెట్‌తో పని జరిపారు.

ఇన్ని చేతులు మారే రేకుల మధ్య కారు అసలు ఏ ఏటిదో ఎలా తేల్చాలి? రేకును అడిగితే లాభం లేదు. డ్రైవరు వైపు డాష్‌బోర్డు మీద, ముందు అద్దంలోంచి కనిపించేలా రివిట్లతో బిగించిన చిన్న పలకను అడగాలి. చార్జర్ నంబరు ‘ఎక్స్’ అక్షరంతో మొదలవుతుంది. ఐదోది ఇంజనుది, ఆరోది సంవత్సరానిది. 8 ఉంటే 1968, 9 ఉంటే 1969, సున్నా ఉంటే 1970. అదే నంబరులో కొంత భాగాన్ని ముందు రేడియేటర్ పట్టీ మీదా, డిక్కీ అంచున రబ్బరు కిందా కూడా అచ్చు గుద్దేవాళ్లు. ఆ చోట్లు వెల్డింగు పెట్టెలో భాగం, బోల్టు విప్పితే ఊడి వచ్చేవి కావు. పలకను తీసి మరో కారుకు బిగించడం అమెరికా చట్టంలో నేరం.

ఈమధ్య కొత్తగా అచ్చువేసిన రేకులు కూడా దొరుకుతున్నందువల్ల, తుప్పు పట్టిన కారుకు అవయవాలు వెతకడానికి మరో కారును బలిపెట్టనక్కర్లేదు. నాకు ఇది నిజంగా ఊరట. ఆ సీరియల్ కోసం నుజ్జయిన వాటిలో ఇప్పుడు తిరిగి తేలేని 1968లు ఎన్నో ఉన్నాయి. బతికి బయటపడ్డ కార్లను బాగుచేసేవాళ్ల ముందు ఇంకో ప్రశ్న ఉంటుంది. 1968 కారుకు తొడిగిన 1969 ముఖం ఇప్పుడు చరిత్రే కదా, దాన్ని ఉంచాలా, పుట్టిన ఏటి ముఖం తిరిగి ఇవ్వాలా? తెరమీద గెంతిన కారైతే ఉంచాలనే అంటాను. అలాంటి చరిత్రేదీ లేకుండా, 1969 ఎక్కువ అందంగా ఉందని ఎవరో మార్చిన కారైతే, వెనక రేకు మీద స్పాట్ వెల్డింగు చుక్కలు ఒక్కొక్కటీ విప్పి, ఆ నాలుగు గుండ్రటి లైట్లకు మళ్లీ చోటు చేయడం ఎంత కష్టమైనా చేయదగ్గ పని. డాష్‌బోర్డు పలక మీద ఆరో స్థానంలో 8 అంకె యాభై ఏళ్లకు పైగా అలాగే ఉంది.